మంత్రసాని మాట.. నర్సమ్మ కార్డు

రాయల్పాడు (శ్రీనివాసపురం): కార్డు మీద అక్షరాలు కన్నడం. ఇంట్లో మాట తెలుగు. అత్తిల్లు కర్ణాటకలో, పుట్టిల్లు ఆంధ్రలో మదనపల్లె వైపు. కోలారు జిల్లా శ్రీనివాసపురం తాలూకాలో, సరిహద్దును ఆనుకొని ఉన్న రాయల్పాడు చుట్టుపక్కల పల్లెల్లో ఇలాంటి కాపురాలు కొత్త కాదు. తొలికాన్పుకు ఆడబిడ్డను పుట్టింటికి తీసుకుపోవడం ఆనవాయితీ. చిక్కొచ్చేది అక్కడే.

నెలలు నిండుతున్నంత వరకు ఇక్కడి నర్సమ్మ సూదులేసి, రక్తం పరీక్ష చేయించి తాయి కార్డులో రాసి పెడుతుంది. గర్భిణి సరిహద్దు దాటితే అక్కడి నర్సమ్మకు ఆమె కొత్త మనిషి. కార్డు అత్తగారి పెట్టెలోనే ఉండిపోతే, ఒంట్లో రక్తం తక్కువుందన్న సంగతీ అందులోనే ఉండిపోతుంది. కాన్పులో రక్తస్రావమైతే అదే ప్రాణం మీదికి తెస్తుంది.

ఎవరింట్లో కోడలు నీళ్లోసుకుంది, ఎప్పుడు పుట్టింటికి పోతోంది.. ఇలాంటివి ఊళ్లో ముందుగా తెలిసేది మంత్రసానికే. కన్నడంలో సూలగిత్తి అంటారు. ‘కార్డు పెట్టుకున్నావామ్మా’ అని ఆమె ఒక్క మాట అడిగి, ఆశా కార్యకర్త చెవిన వేస్తే సగం పని అయినట్టే. ఆ మాటకు మాత్రం ఏ రిజిస్టరులోనూ గడి లేదు.

నమ్మకం ఊరికే రాలేదు

ఇదే సరిహద్దు వెంబడి, తుమకూరు జిల్లా పావగడ తాలూకా కృష్ణాపురంలో పుట్టిన సూలగిత్తి నరసమ్మ మాతృభాష తెలుగే. బడికి పోలేదు. 15 వేలకు పైగా కాన్పులు ఉచితంగా చేశారు. 2018లో పద్మశ్రీ అందుకుని, అదే ఏడాది డిసెంబరు 25న కన్నుమూశారు.

పని మారింది

2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కర్ణాటకలో ఆసుపత్రి కాన్పులు దాదాపు 65 శాతం. 2019-20 నాటికి 97 శాతం. ఇంటి కాన్పు చేయమని మంత్రసానిని ఎవరూ అడగరు, అడగకూడదు కూడా. రక్తస్రావాన్నీ, గుర్రపువాతాన్నీ ఆపే మందులు ఆమె దగ్గర ఉండవు. అయినా బాలింతకు నీళ్లు పోసేది, బిడ్డకు నూనె పెట్టేది చాలా ఇళ్లలో పెద్దావిడే. ముర్రుపాలు పారబోయొద్దని నర్సమ్మ పదిసార్లు చెప్పినా వినని అవ్వ, మంత్రసాని ఒకసారి చెబితే వింటుంది. పురిటి నొప్పుల వేళ తోడుగా ఉండే పనికి మంత్రసానులను వాడుకోవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించింది.

2011 నుంచి ఆశా కార్యకర్తలు ఆసుపత్రిలో కాన్పయిన తల్లీబిడ్డలను 42 రోజుల్లో ఆరుసార్లు ఇంటికొచ్చి చూడాలి. పుట్టింటి ఊళ్లో ఆశాకు కబురందకపోతే ఆ ఆరుసార్లూ పోయినట్టే. అందుకే బయల్దేరేటప్పుడు చీరల సంచిలో కార్డూ పడాలి, ఇక్కడి నర్సమ్మ ఫోను నంబరూ పడాలి. రక్తం గ్రూపు, హిమోగ్లోబిన్ అంకె, కాన్పు తేదీ.. ఇవి చూసుకోవడానికి అవతలి నర్సమ్మకు కన్నడం రానక్కర్లేదు.