తీరప్రాంత కరువు

నదీముఖాలకు, మడ అడవులకు, తీరం వెంబడి ఉన్న బావులకు చేరవలసిన మంచినీరు తగ్గి, ఉప్పునీరు లోపలికి చొచ్చుకొని రావడాన్ని తీరప్రాంత కరువు అంటారు. మెట్ట ప్రాంతాల కరువును వర్షపాతం, పంటల పచ్చదనం ఆధారంగా గుర్తిస్తారు. తీరంలో ఇవి చాలవు. అక్కడ వాన బాగా కురిసినా ఎగువ నుండి నది రాకపోతే కరువే. 2001–2004 మధ్య వర్షాభావం, ఎగువ వాడకం కలిసి కృష్ణా నది నుండి సముద్రానికి చేరే నీటిని అతిస్వల్పం చేశాయి.

ప్రభావాలు

కొల్లేరులో నీటిమట్టం పడిపోతే ఉప్పుటేరు గుండా సముద్రపు పోటునీరు సరస్సు వైపు ఎగదన్నుతుంది. కోరింగ మడ అడవులు ఉప్పును తట్టుకోగలవు గాని, వాటికి మంచినీరు అక్కరలేదనుకోరాదు. లవణీయత పెరిగేకొద్దీ తెల్లమడ వంటి గట్టి జాతులు నిలిచి, తక్కినవి క్షీణిస్తాయి.

ముందస్తు సంకేతాలు

తీరంలో భూగర్భ మంచినీరు తేలిక కనుక ఉప్పునీటిపై తేలుతూ ఉంటుంది. గైబెన్–హెర్జ్‌బర్గ్ సూత్రం ప్రకారం, సముద్రమట్టం కంటే 1 మీటరు ఎత్తున మంచినీరు నిలిచిన చోట సముద్రమట్టానికి దిగువన సుమారు 40 మీటర్ల లోతు వరకు మంచినీరే ఉంటుంది. అనగా బావిలో మట్టం అర మీటరు తగ్గితే, అడుగున ఉప్పునీరు క్రమేణా 20 మీటర్లు పైకి రాగలదు. మట్టం ముందు పడుతుంది, ఉప్పు తరువాత వస్తుంది. హెచ్చరికకు దొరికే వ్యవధి ఈ రెండింటి నడుమనే.

ఈ ఉప్పునీటి జాడ కనిపెట్టే విద్య సముద్రానికి ఎంతో దూరాన, హైదరాబాదులోనూ పెరిగింది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భూభౌతిక శాస్త్ర విభాగం ఉన్నది. ఆ ప్రాంగణాన్ని ఆనుకొన్న తార్నాక నుండి ఉప్పల్ వెళ్ళే దారిలో, 1961లో స్థాపించబడిన జాతీయ భూభౌతిక పరిశోధనా సంస్థ ఉన్నది. భూమిలోకి విద్యుత్తును పంపి నిరోధకతను కొలవడం ఇందులో ప్రధాన పద్ధతి. ఉప్పునీరున్న పొరలో నిరోధకత బాగా తక్కువ. చిక్కేమిటంటే బంకమట్టి పొరలో కూడా అది తక్కువే. అందుచేత నీటి నమూనాల రసాయన పరీక్ష తప్పనిసరి. గోదావరి డెల్టాపై ఈ సంస్థ శాస్త్రవేత్తలు 2011లో ప్రచురించిన అధ్యయనంలో ఈ రెండు పద్ధతులనూ కలిపి వాడారు.

లవణీయత సూచిక

వర్షపాతంతో కరువును లెక్కించే ప్రామాణిక అవపాత సూచిక 1993లో వెలువడింది. అదే గణితాన్ని లవణీయతకు అన్వయించి అమెరికా శాస్త్రవేత్తలు తీరప్రాంత లవణీయత సూచికను రూపొందించి 2017లో ప్రచురించారు. ఒక నెల సగటు లవణీయత అదే చోట, అదే నెలలో మామూలుగా ఉండేదానికి ఎంత దూరంగా ఉన్నదో ఇది తెలుపుతుంది. దీనికి ఏళ్ళ తరబడి తెగకుండా తీసిన కొలతలు కావాలి. అప్పుడప్పుడు తీసిన ఒంటరి కొలతలు పనికిరావు. అమావాస్య, పౌర్ణమి నాటి పెద్ద పోటు వలన నదిలోకి ఎక్కిన ఉప్పును అవి కరువుగా చూపే అవకాశం ఉన్నది.