వెల్డింగు పొగ – ఊపిరికి రక్షణ

వృత్తివిద్య నేర్చిన యువకులు పలువురు నేడు ఇంటి వసారాలోనో, పెరటిలోని రేకుల షెడ్డులోనో చిన్న వెల్డింగు యంత్రమును అమర్చుకొని, గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసి జీవనోపాధి కల్పించుకొంటున్నారు. ఇది అభినందనీయము. అయితే కండ్లను కాపాడుకొనుటకు నల్లని అద్దము అడ్డుపెట్టుకొనువారు సైతము, అక్కడనే లేచు పొగను లెక్కచేయరు. ఆ అద్దము కంటికే రక్షణ, ఊపిరికి కాదు. ఇల్లే కార్ఖానా అయినప్పుడు పక్కగదిలో నిద్రించు పసిబిడ్డ కూడ ఆ పొగనే పీల్చును. కనుక దీనిని గూర్చి మనము కొంత తెలిసికొనవలెను.

వెల్డింగు వేడికి లోహమును, రాడ్డుమీది పూతయు ఆవిరియై, గాలిలో చల్లబడి అతి సూక్ష్మమైన కణములుగా మారును. అవి ఊపిరితిత్తుల లోతునకు చేరును. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ కేన్సర్ పరిశోధన సంస్థ 2017లో వెల్డింగు పొగను మానవులలో కేన్సర్ కలిగించువాటిలో ఒకటిగా నిర్ధారించినది.

మనవారు ఎక్కువగా వాడు జి.ఐ. పైపునే ఉదాహరణగా తీసికొందము. ఇనుము కరగుటకు సుమారు 1500 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావలెను. దానిపైనున్న జింకు పూత 907 డిగ్రీలకే మరుగును. అందుచేత అతుకు పడకముందే జింకు తెల్లని పొగయై లేచును. దానిని పీల్చినవారికి కొన్ని గంటల తరువాత చలి, జ్వరము, ఒంటినొప్పులు కలుగును. ఒకటి రెండు రోజులలో తగ్గుటవలన దానిని మామూలు జ్వరమని భ్రమపడుదురు. కాడ్మియం పూతగల బోల్టుల పొగ మొదట ఇట్టి జ్వరమువలెనే తోచినను ప్రాణాంతకము కాగలదు. ఆయాసము కలిగినచో వెంటనే ఆసుపత్రికి పోవలెను. పాలు త్రాగినను, బెల్లము తినినను విషము విరుగునను నమ్మకము కలదు. అవి మంచి ఆహారమే గాని, పీల్చిన పొగకు విరుగుడు కావు.

మరి చేయవలసినదేమి? మొదట, అతుకువేయు చోట పూతను, రంగును ఆరుబయట గీకివేయవలెను. గీకునప్పుడు కూడ మాస్కు ధరించవలెను. సాధ్యమైనంతవరకు ఆరుబయటనే పనిచేయవలెను. గాలి పక్కనుండి వీచునట్లు నిలబడవలెను. వెనుకనుండి వీచు గాలికి మన శరీరమే అడ్డమై, పొగ సుడి తిరిగి ముఖమునకే వచ్చును. తలను పొగకు పక్కగా ఉంచవలెను. గదిలో సీలింగు ఫ్యాను పొగను నలుదిక్కుల చిమ్మునే గాని బయటకు పంపదు. పని జరుగు చోటికి చేరువలో ఎగ్జాస్టు ఫ్యాను, ఎదుటివైపున మంచి గాలి వచ్చుటకు తెరచిన కిటికీ ఉండవలెను. ఆ పొగ పొరుగువారి కిటికీవైపు పోరాదు.

చేతిరుమాలు ఈ కణములను ఆపలేదు. ఎన్95 మాస్కు కణములను వడగట్టును గాని వాయువులను ఆపజాలదు. ఆర్గాన్, కార్బన్ డై ఆక్సైడు గాలికంటె బరువైనవి. మూసిన గదిలో అవి నిండిన స్పృహ తప్పును. గాలి కొరకని ఆక్సిజన్ సిలిండరును ఎన్నడును విప్పరాదు. బట్టలు సైతము భగ్గున మండును.

విద్యార్థులు యంత్రము కొనుటకు ముందే గాలి పోవు మార్గమును ఏర్పరచుకొందురనియు, కళాశాల పాలకవర్గమువారు ఈ జాగ్రత్తలను పాఠములో భాగముగా చేర్తురనియు ఆశించుచున్నాము.