స్కాలర్‌షిప్ వచ్చేదాకా… మోసపోకుండా

కేంద్ర ప్రభుత్వ ఉపకార వేతనాలు చాలావరకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్‌లోనే దొరుకుతాయి. 2015లో మొదలైన ఈ పోర్టల్ చిరునామా స్కాలర్‌షిప్స్ డాట్ గవ్ డాట్ ఇన్. ఇంటర్‌లో బోర్డు టాప్ 20 పర్సెంటైల్‌లో నిలిచి, ఇంటి వార్షికాదాయం రూ.4.5 లక్షలు దాటనివారికి డిగ్రీలో ఏటా రూ.12,000 ఇచ్చే పథకం ఇందులో ఉంది. ఏఐసీటీఈ గుర్తింపున్న కాలేజీల్లో ఇంజినీరింగ్, పాలిటెక్నిక్ చదివే అమ్మాయిలకు ‘ప్రగతి’ కింద ఏటా రూ.50,000 వస్తుంది. ఆదాయ పరిమితి రూ.8 లక్షలు. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాత్రం రాష్ట్రాలు చూసుకుంటాయి: తెలంగాణలో ఈపాస్ పోర్టల్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టల్.

దరఖాస్తు నింపడం ఒక పూట పని. చిక్కంతా ఆ తర్వాతే. పదో తరగతి మెమోలో ఒక తీరుగా, ఆధార్‌లో మరో తీరుగా పేరుంటే పరిశీలనలో ఆగిపోవచ్చు. ఖాతాకు ఆధార్ లింకు చేసినంత మాత్రాన డబ్బు పడదు. ఏ ఆధార్‌కు ఏ బ్యాంకులో డబ్బు పడాలో చూపే ఎన్‌పీసీఐ మ్యాపర్‌లో ఆ ఖాతా నమోదు (సీడింగ్) కావాలి. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే చివరగా సీడింగ్ అయినదానికే జమ అవుతుంది. అది ఏ బ్యాంకో మైఆధార్ సైట్‌లో చూసుకోవచ్చు. నెట్ సెంటర్‌లో దరఖాస్తు చేయిస్తూ ఆ సెంటరువాళ్ల ఫోన్ నంబరే ఇచ్చేయడం మరో పొరపాటు. ఓటీపీలు, మంజూరు మెసేజ్‌లు అన్నీ అటే పోతాయి. నంబరు విద్యార్థిదో, తల్లిదండ్రులదో అయితీరాలి.

కాలేజీ నోడల్ అధికారి, ఆపై అధికారులు పరిశీలించి, నిధులు విడుదలయ్యేసరికి నెలలు గడుస్తాయి. మోసగాళ్లు కాచుకునేది ఈ నెలల్లోనే. ‘‘విద్యాశాఖ నుంచి మాట్లాడుతున్నామండీ, మీ అమ్మాయి స్కాలర్‌షిప్ శాంక్షనైంది’’ అని ఫోన్ వస్తుంది. అమ్మాయి పేరు, కాలేజీ పేరు కూడా చెబితే ఏ తండ్రయినా నమ్ముతాడు. వాట్సాప్‌లో క్యూఆర్ కోడ్ పంపి, స్కాన్ చేసి పిన్ కొడితే డబ్బు పడుతుందంటారు. స్కాన్ చేశాక తెరమీద ‘పే’ అనే కనిపిస్తుంది. అవతలి గొంతు తొందరపెడుతుంటే అది కంటికి ఆనదు. యూపీఐలో డబ్బు అందుకోవడానికి పిన్‌తో పనే లేదు. పిన్ కొట్టమన్నారంటే ఖాతాలోంచి తీసుకోవడానికే. ప్రభుత్వాలు బకాయిలు పెట్టినకొద్దీ ఇలాంటి ఫోన్లకు నమ్మకం పెరుగుతుంది. సకాలంలో చెల్లించడమూ పిల్లల్ని కాపాడే పనే.

ప్రైవేటు ఫౌండేషన్లు, ట్రస్టులు నిజంగానే బాగా ఇస్తున్నాయి. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ కోర్సు మొత్తానికి రూ.2 లక్షల దాకా ఇస్తుంది. అయితే పెద్ద సంస్థల పేర్లతో నకిలీ లింకులు తిరగడమూ మామూలే. ప్రకటన ఆ సంస్థ సొంత సైట్‌లో ఉంటేనే ముందుకెళ్లాలి. ప్రాసెసింగ్ ఫీజనో, డిపాజిట్ అనో ముందుగా డబ్బడిగితే అక్కడితో వదిలేయాలి. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకే ఫైలును ఫోన్‌లో ఎక్కించకూడదు. అది మెసేజ్‌లు చదివి ఓటీపీలు కాజేయగలదు.

డబ్బు పోయిందని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, బ్యాంకుకూ చెప్పాలి. ఎంత త్వరగా చెబితే, ఆ సొమ్ము మరో ఖాతాకు మారకముందే ఆపే వీలు అంత ఎక్కువ. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లోనూ ఫిర్యాదు నమోదు చేయవచ్చు. లావాదేవీ నంబరు, ఫోన్ వచ్చిన నంబరు, వాట్సాప్ స్క్రీన్‌షాట్లు దగ్గరుంచుకోవాలి.