దరఖాస్తు బందరు నుంచే వెళ్లాలి

హైదరాబాద్ కుతుబ్‌షాహీ సమాధుల ఆవరణలో తారామతి, ప్రేమామతి సమాధులను బాగుచేయడానికి అమెరికా ప్రభుత్వ ‘రాయబారుల సాంస్కృతిక పరిరక్షణ నిధి’ నుంచి 1,03,000 డాలర్లు వచ్చాయి. అదే నగరంలోని పాయిగా సమాధులకు 2,50,000 డాలర్లు మంజూరయ్యాయి. ఇలాంటి పెద్ద పద్దులు పత్రికలకెక్కుతాయి. వీటి పక్కనే ఎవరి కంటా పెద్దగా పడని చిన్న గ్రాంట్లు ఉంటాయి. కొన్ని లక్షల రూపాయలతో ఒక ప్రదర్శన, ఒక కార్యశాల, రెండు దేశాల విద్యార్థులు కలిసి చేసే ఒక పరిశోధన. తమ దేశానికీ మన జనానికీ నేరుగా పరిచయం పెరగాలని రాయబార కార్యాలయాలు చేసే ఈ ఖర్చునే ప్రజా దౌత్యం అంటున్నారు. 2008లో హైదరాబాద్‌లో తెరిచిన అమెరికా కాన్సులేట్ పరిధిలో మన ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. నెదర్లాండ్స్ తన ఉమ్మడి వారసత్వ కార్యక్రమంలో భారత్‌ను భాగస్వామి దేశంగా చేర్చుకుంది. ఈ గ్రాంట్లకు సరిపోయే సరుకు కృష్ణా డెల్టాలో దండిగా ఉంది. ఆ సరుకుకు దగ్గరగా ఉన్న చిన్న సంఘాలకు అడిగే అర్హత లేకపోవడమే చిక్కు. ఆ అర్హతను మనమే, ఇక్కడే, ఓపికగా కూడగట్టుకోవాలన్నది ఈ కథనం వాదన.

ముందు సరుకు సంగతి. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1606లోనే మచిలీపట్నంలో, అంటే మన బందరులో, వర్తక స్థావరం పెట్టింది. ఇంగ్లిషువారు 1611లో వచ్చారు. ఇద్దరినీ ఇక్కడికి రప్పించింది అద్దకం గుడ్డ. బందరు పక్కనే ఉన్న పెడనలో ఇప్పటికీ ఆ పని సాగుతోంది. గంజి పోయేలా ఉతికిన నూలు గుడ్డను కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. బెల్లం నీళ్లలో తుప్పు పట్టిన ఇనుము నానేసి నలుపు తీస్తారు. ఎరుపు రావలసిన చోట పటిక అద్దుతారు. టేకు చెక్కపై చెక్కిన అచ్చును రంగు మెత్తపై ఒత్తి, గుడ్డ మీద పెట్టి, చేత్తో ఒక్క దెబ్బ వేస్తారు. పక్క అచ్చు దీని అంచుకు వెంట్రుకవాసి తేడా లేకుండా కలవాలి. ఆపైన గుడ్డను రంగు చెక్కలతో ఉడకబెట్టి, పారే నీటిలో జాడిస్తారు. భారతదేశపు అద్దకం గుడ్డలు యూరప్‌లో ఎంత గిరాకీ తెచ్చుకున్నాయంటే, తమ నేతగాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది. ఆ నిషేధం 1759 దాకా నడిచింది. నెదర్లాండ్స్‌లో లీవార్డెన్ నగరంలోని ఫ్రీస్ మ్యూజియం 2017లో ఈ గుడ్డల మీదే ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. బందరులో డచ్చివారి సమాధులు ఇంకా ఉన్నాయి. ఇంత ఉమ్మడి చరిత్ర ఉన్నప్పుడు మన ఊరు వారికి ఎందుకు ముఖ్యమో దరఖాస్తులో పేజీలకు పేజీలు వివరించనక్కర్లేదు.

అయితే మన దరఖాస్తుల ధోరణి మారాలి. కళ అంతరించిపోతోంది, కళాకారులు పేదరికంలో ఉన్నారు, దయచేసి ఆదుకోండి అని రాస్తే అది విరాళం కోసం పెట్టుకున్న అర్జీ అవుతుంది. ప్రజా దౌత్యం గ్రాంటు విరాళం కాదు, రెండు పక్షాలు కలిసి చేసే పనికి పెట్టుబడి. ఉదాహరణకు పెడన అచ్చు పనివారు, బందరులోని ఒక కళాశాల చరిత్ర విభాగం, ఒక డచ్చి మ్యూజియం కలిసి పదిహేను పాత నమూనాలను మళ్లీ చెక్కించాలనుకున్నారనుకుందాం. ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్ మ్యూజియం తన సేకరణలో ఎన్నో వస్తువుల నాణ్యమైన ఫొటోలను ఉచితంగానే ఇస్తోంది కాబట్టి ఆరంభానికి ఖర్చే లేదు. టేకు చెక్కకు ఎంత, అచ్చు చెక్కే మనిషికి రోజు కూలి ఎంత, గుడ్డ ఎన్ని మీటర్లు, రెండు భాషల్లో చిన్న పుస్తకం ఎన్ని ప్రతులు అన్నది పద్దు పద్దుగా రాయాలి. పని ముగిశాక ఏం మిగులుతుందో, దాన్ని ఎలా లెక్కిస్తారో చెప్పాలి. అమెరికా గ్రాంటుకైతే అమెరికాతో ఏదో ఒక ముడి కనబడాలి. అక్కడి నిపుణుడో, విశ్వవిద్యాలయమో, కళాకారుడో ఉండాలి. కూచిపూడికి ఆ ముడి ఎప్పుడో పడింది. 2016 డిసెంబరులో అమెరికాలోని తెలుగువారి సంస్థ సిలికానాంధ్ర విజయవాడలో అంతర్జాతీయ కూచిపూడి నాట్య సమ్మేళనం జరిపినప్పుడు అందరూ చూసిందే. భవన నిర్మాణానికి, పార్టీ రాజకీయాలకు, చందాల సేకరణకు మాత్రం ఈ డబ్బు ఇవ్వరు. ఇంకో మాట. అమెరికా గ్రాంట్లు కోరేవారు పేరు నమోదు చేసుకునే ఆ ప్రభుత్వ శామ్ (SAM.gov) పోర్టల్‌లో నమోదు పూర్తిగా ఉచితం. దానికి రుసుము అడిగే దళారులను దగ్గరికి రానివ్వకండి.

అసలు గట్టి అడ్డంకి మన చట్టంలో ఉంది. విదేశీ ప్రభుత్వం ఇచ్చే గ్రాంటు ఏదైనా విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కిందికి వస్తుంది. రిజిస్ట్రేషన్ కావాలంటే సంస్థకు కనీసం మూడేళ్ల వయసు ఉండాలి, గత మూడేళ్లలో తన ఆశయాల మీద 15 లక్షల రూపాయలు ఖర్చు చేసి ఉండాలి. పెడనలో ఒక చిన్న కళాకారుల సంఘం ఈ గీత దాటడం కష్టం. మునుపు నగరంలోని పెద్ద సంస్థ డబ్బు తీసుకుని ఊళ్లోని చిన్న సంస్థకు పంచేది. 2020 సవరణ ఆ దారి మూసేసింది. విదేశీ నిధులను ఇంకో సంస్థకు బదిలీ చేయడం ఇప్పుడు నిషిద్ధం. ఆ సవరణతోనే డబ్బు ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే రావాలన్న నియమం వచ్చింది, పరిపాలన ఖర్చు 20 శాతం మించకూడదన్న కట్టుబాటూ వచ్చింది. నా దృష్టిలో బదిలీ నిషేధం చిన్న సంఘాలకు అన్యాయమే చేసింది. కానీ చట్టం మారేదాకా కూర్చోలేం. ఫలానా దాత నుంచి ఫలానా పనికి ఇంత మొత్తం అని హామీ పత్రం చూపించి ముందస్తు అనుమతి కోరే దారి అదే చట్టంలో ఉంది. కొత్త సంస్థలకు అదే సరైన దారి. ఇంకా మేలైనది, ఇప్పటికే రిజిస్ట్రేషన్ ఉన్న విద్యాసంస్థ తానే దరఖాస్తుదారై, కళాకారులను నేరుగా పనిలో పెట్టుకుని కూలి ఇవ్వడం. 1843లో రాబర్ట్ నోబుల్ స్థాపించిన నోబుల్ కళాశాల ఉన్న ఊరు బందరు. పాత కళాశాలలకు ఇక్కడ కొదవ లేదు.

పరాయి ప్రభుత్వం డబ్బు ఊరికే ఇస్తుందా, దాని వెనక స్వార్థం ఉండదా అని అడిగేవారున్నారు. తప్పకుండా ఉంటుంది, వారు దాచడం కూడా లేదు. తమ దేశం మీద మంచి అభిప్రాయం కలగాలన్నదే వారి లక్ష్యం. అందుకే ఎన్నికల అభ్యర్థులు, పార్టీలు, పాత్రికేయులు, ప్రభుత్వోద్యోగులు విదేశీ విరాళం తీసుకోకుండా చట్టం కట్టడి చేసింది. మిగిలింది మన జాగ్రత్త. ప్రదర్శనలో ఏ నమూనా పెట్టాలి, చరిత్రను ఎవరి వైపు నుంచి చెప్పాలి అన్నది ఒప్పందంలోనే రాయించుకోవాలి. డచ్చి కంపెనీ ఈ తీరం నుంచి గుడ్డలతో పాటు మనుషులను కూడా బానిసలుగా ఓడలకెక్కించింది. ఉమ్మడి వారసత్వం అన్న మాటలో ఆ అధ్యాయానికీ చోటుండాలని మనం అడగాలి. అడిగే హక్కు దరఖాస్తు పెట్టినవాడికే వస్తుంది.

రెండో అభ్యంతరం ఇంకా బరువైనది. ఈ డబ్బును నమ్ముకోవచ్చా? 2025 జనవరి 20న అమెరికా తన విదేశీ సాయాన్ని 90 రోజులు నిలిపేసింది. ఆ జులై 1 నాటికి అమెరికా విదేశీ సాయ సంస్థ యూఎస్ఎయిడ్ కార్యక్రమాలే ముగిశాయి. దీన్నిబట్టి జీతాలు, అద్దెలు ఇలాంటి గ్రాంటు మీద పెట్టుకోకూడదని తేలుతోంది. గ్రాంటు వచ్చినా రాకపోయినా సంఘం నిలబడాలి. వస్తే ఒక్క ఏడాదిలోనే మొదలై ముగిసే పని మాత్రమే దానితో చేయాలి. ఒక్క దేశాన్నే పట్టుకు వేలాడకూడదు. చెన్నైలోని జపాన్ కాన్సులేట్ జనరల్ పరిధిలోనూ ఆంధ్రప్రదేశ్ ఉంది. ఇవన్నీ ప్రభుత్వమే చేయాలి కదా అనేవారికి ఒక్కటే జవాబు. రాయితీలు, సంతలు ప్రభుత్వం పెట్టగలదు, పెట్టాలి కూడా. లీవార్డెన్‌లోని ఒక పరిశోధకురాలిని పెడన అచ్చు పనివాడి పక్కన కూర్చోబెట్టే పథకం మాత్రం వేరేది.

విజయవాడ, బందరు కళాశాలల యాజమాన్యాలకు, పెడన, కూచిపూడి, కొండపల్లి కళాకారుల సంఘాల పెద్దలకు విన్నపం ఇదే. ప్రకటన పడ్డాక పరుగులు పెడితే గడువు లోపల ఏ కాగితమూ చేతికి రాదు. స్వచ్ఛంద సంస్థల దర్పణ్ పోర్టల్‌లో నమోదు, మూడేళ్ల ఆడిట్ లెక్కలు, కార్యవర్గం తీర్మానం, విదేశీ భాగస్వామి నుంచి ఒక ఉత్తరం. ఈ నాలుగూ ఈ ఏడాదే సిద్ధం చేసి పెట్టుకోండి.