ఫోను వలన సుఖమా, దుఃఖమా? – పిల్లలను అడుగు విధానము

మహారాష్ట్రములోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడగావ్ గ్రామమున 2022లో ఒక ఏర్పాటు ప్రారంభమైనది. సాయంకాలము 7 గంటలకు సైరను మ్రోగగానే ఇంటింట ఫోనులు, టెలివిజనులు ఆపివేసి, గంటన్నర సేపు పిల్లలు చదువుకొనవలెను. ఆ సంవత్సరమే యవత్‌మాల్ జిల్లా బాన్సీ గ్రామ పంచాయతీ 18 ఏండ్ల లోపువారు ఫోను వాడరాదని తీర్మానించి, 200 రూపాయల జరిమానా నిర్ణయించినది. మన పంచాయతీ సభ్యులకును ఇట్టి ఆలోచన కలుగుట సహజమే. అయితే ఫోను తమకు మేలు చేయుచున్నదో, కీడు చేయుచున్నదో ఆ పిల్లలేమనుకొనుచున్నారు? తీర్మానమునకు ముందు దీనిని తెలిసికొనుట యెట్లు?

జ్వరమునకు థర్మామీటరు కలదు. మనస్సునకు అట్టి గాజుగొట్టము లేదు, అడిగియే తెలిసికొనవలెను. ఇందులకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారి అయిదు వాక్యముల ప్రశ్నావళి 1998 నుండి వాడుకలో నున్నది. గడచిన రెండు వారములలో ఉల్లాసముగా నుంటినా, ప్రశాంతముగా నుంటినా, చురుకుగా నుంటినా, అలసట తీరి నిద్ర లేచితినా, దినచర్యలో ఆసక్తి కలిగించు పనులుండెనా అనునవే ఆ అయిదును. ఒక్కొక్కదానికి 0 నుండి 5 వరకు మార్కులు. మొత్తమును 4చే గుణించినచో నూటికి లెక్క వచ్చును. మార్కులు 50కి తగ్గుట రోగమని కాదు, ఆ బిడ్డ సంగతి శ్రద్ధతో విచారింపవలెనని మాత్రమే. ఇందు ఫోను మాటయే లేదు. అదియే దీని గుణమని మా అభిప్రాయము. “ఫోను చెడ్డదా?” అని సర్పంచిగారు నిలబడి అడిగినచో, ఏ పిల్లవాడు కాదనును?

ఫోను గూర్చి అడుగునప్పుడు ఒక్క ప్రశ్నతో సరిపెట్టరాదు. అమెరికాలో ప్యూ పరిశోధన సంస్థవారు 2023లో 13 నుండి 17 ఏండ్ల వారిని ప్రశ్నించిరి. ఫోను దగ్గర లేనప్పుడు కనీసము అప్పుడప్పుడైనను ప్రశాంతత కలుగునని నూటికి 72 మంది చెప్పిరి. ఆందోళన కలుగునని 44 మంది చెప్పిరి. అయినను తమ యీడువారికి ఫోనువలన నష్టము కంటె లాభమే యెక్కువ యని 70 మంది అభిప్రాయము. మొదటి ప్రశ్నతోనే ఆగియుండినచో ఎంత పొరబాటు జరిగెడిదో ఊహింపుడు.

“రోజుకెన్ని గంటలు?” అను ప్రశ్నకు వచ్చు జవాబును నమ్మరాదు. మేమే మా గంటలను అంచనా వేసి, పిదప ఫోనులోని లెక్క చూచి సిగ్గుపడితిమి. పల్లెలలో ఆ లెక్కయు చాలదు. 2023 అసర్ నివేదిక ప్రకారము, గ్రామములలో ఫోను వాడుట తెలిసిన 14–18 ఏండ్ల బాలురలో స్వంత ఫోను కలవారు నూటికి సుమారు 44 మంది. బాలికలలో 20 మందియే. తక్కినవారిది ఇంటివారి ఫోను. దానిలో తండ్రి వాడిన గంటయేదో, కూతురు వాడిన గంటయేదో ఆ యంత్రము చెప్పజాలదు. పైగా బాలికల కష్టము ఫోను చూచుటవలననా, దొరకకపోవుటవలననా యని వేరుగా అడుగవలెను.

కాగితముపై పేరు వ్రాయింపరాదు. తలిదండ్రులు, ఉపాధ్యాయులు ప్రక్కన నిలువరాదు. కట్టుబాటు పెట్టుటకు ముందొకసారి, రెండు నెలల పిదప మరియొకసారి అవే ప్రశ్నలు అడుగవలెను. ఒకటి పరీక్షల నెలలో, మరియొకటి వేసవి సెలవులలో పడినచో వచ్చిన భేదము ఫోనుదో, పరీక్షలదో తెలియదు. కావున రెండును బడి మామూలుగా నడచు దినములలోనే జరుపవలెను.