కైట్ కొనేముందు గాలిని అడగండి

పోయిన జులైలో సెమిస్టర్ సెలవులు. మా రూమ్మేట్ ఆన్‌లైన్‌లో ఒక పాత కైట్ సర్ఫింగ్ సెట్టు పట్టాడు. 14 చదరపు మీటర్ల కైట్, బార్, ఒక బోర్డు, అన్నీ కలిపి 18 వేలు. "కొత్తదైతే లక్షన్నర పైనే రా, ఇది దొరకడమే అదృష్టం" అన్నాడు. వాడిది కర్నూలు, సముద్రమంటే పిచ్చి. నాది గుడివాడ. ఇద్దరం బైక్ మీద సరాసరి మంగినపూడి బీచ్‌కి పోయాం. యూట్యూబ్‌లో చూసినవన్నీ గుర్తున్నాయి. గాలి కూడా బ్రహ్మాండంగా ఉంది.

అక్కడ వల బాగుచేసుకుంటున్న ఒక పెద్దాయన కాసేపు మమ్మల్ని చూసి, "ఏం బాబూ, దీన్ని కట్టుకుని నీళ్లలోకి దిగుతారా?" అని అడిగాడు. అవునన్నాం. "పడమటి గాలి గదయ్యా ఇది. లోపలికి ఈడ్చుకుపోద్ది" అని మళ్లీ వల మీదకి వంగాడు.

ఆయన మాట విని ఆగామని రాసుకోవాలని ఉంది గానీ, జరిగింది అది కాదు. పంపుతో కైట్‌లోకి గాలి కొడుతుంటే వాల్వ్ పక్కన చీలిక ఉండి, కొట్టిన గాలి కొట్టినట్టే పోయింది. మమ్మల్ని ఆపింది ఆ చీలికే. డిసెంబరులో రామేశ్వరం వైపు వెళ్లి మూడు రోజులు నేర్చుకున్నాక గానీ, ఆ రోజు ఏం తప్పిందో మాకు లెక్క తెలియలేదు. ఆ లెక్కే ఈ వ్యాసం.

ముందు తీరం, తర్వాత సామాను

కైట్ సర్ఫింగ్ అంటే నడుముకి కట్టుకున్న పెద్ద గాలిపటం లాగుతుంటే, కాళ్ల కింద బోర్డుతో నీటి మీద జారడం. ఇంజిన్ లేదు, బ్రేకు లేదు. గాలి ఎటు తోస్తే అటే. కాబట్టి మొదటి ప్రశ్న "ఏ కంపెనీ?" కాదు, "గాలి ఎటు నుంచి?"

మంగినపూడి తీరం దాదాపు ఆగ్నేయం వైపు చూస్తుంది. నైరుతి రుతుపవనాల కాలంలో నైరుతి గాలి వీస్తే అది ఒడ్డు వెంటే పోతుంది. అదే గాలి కాస్త పడమరకి తిరిగిందా, నేల మీంచి సముద్రంలోకి తోస్తుంది. ఒడ్డున ఉన్నవాడికి నీళ్లు నున్నగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. మోసం అక్కడే. కైట్ పడిపోతే తిరిగి ఒడ్డుకి చేర్చేది ఏదీ ఉండదు. పైగా సరుగుడు తోటల మీంచి వచ్చే గాలి ముక్కలు ముక్కలుగా, ఒక్కోసారి గట్టిగా, ఒక్కోసారి అసలు లేకుండా వస్తుంది.

దక్షిణం నుంచి ఒడ్డు వైపు ఏటవాలుగా వచ్చే గాలి మనకి మంచిది. ఎక్కడ పడినా చివరికి ఒడ్డుకే వస్తాం. వేసవి మధ్యాహ్నాల సముద్రపు గాలిలో ఆ అవకాశం ఉంటుంది. నేరుగా ఒడ్డుకి కొట్టే గాలి కూడా కొత్తవాళ్లకి పనికిరాదు, ఎత్తి తీసుకెళ్లి ఇసుక మీదో జనం మీదో వేస్తుంది.

హంసలదీవి సంగతి ఇంకోటి. కృష్ణమ్మ సముద్రంలో కలిసే చోటు చూడ్డానికి ఎంత గొప్పగా ఉంటుందో, దిగడానికి అంత కష్టం. నది ప్రవాహం ఒక వైపు, ఆటుపోట్లు ఇంకో వైపు. నేర్చుకునేవాళ్లు అక్కడ ఫోటోలు దిగి వచ్చేయడం మేలు.

మా అమ్మమ్మది దివిసీమ. ఈ కైట్ సంగతి చెబితే "గాలితో ఆటలేంట్రా" అంది. ఆవిడకి గాలి అంటే 1977 నవంబరు 19 నాటి ఉప్పెనే. ఆమె భయంలో మనకి పనికొచ్చే నియమం ఒకటుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో వాయుగుండం అన్న మాట వినబడితే కైట్ బ్యాగ్ తెరవొద్దు. మే నెలలో సాయంత్రం మబ్బు నల్లబడినా అంతే, గాలివాన ముందు వచ్చే గాలి నిమిషాల్లో రెట్టింపవుతుంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ మత్స్యకారుల కోసం ఇచ్చే గాలి, అలల సూచనలు మనకీ పనికొస్తాయి. బయల్దేరే ముందు చూడండి.

కైట్ ఎంత పెద్దది?

గాలి వేగాన్ని నాట్లలో చెబుతారు. మన గుడివాడ వరి నాట్లు కాదు, ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో చదివిందే: గాలి తోపు వేగం వర్గానికి అనులోమానుపాతం. గాలి 10 నాట్ల నుంచి 20కి పెరిగితే లాగుడు రెండింతలు కాదు, నాలుగింతలు.

సైజు అంచనాకి వాడుకలో ఒక సులువు లెక్క ఉంది. మీ బరువుని కిలోల్లో తీసుకుని 2.2తో గుణించి, గాలి నాట్లతో భాగించండి. వచ్చేది చదరపు మీటర్లలో కైట్ సైజు. 65 కిలోల మనిషికి 15 నాట్ల గాలిలో సుమారు 9.5. 75 కిలోలైతే 11. ఇది ఫిజిక్స్ సూత్రం కాదు, అనుభవం మీద కట్టిన అంచనా. కొత్తవాళ్లు వచ్చిన అంకె కంటే కాస్త చిన్నదే తీసుకోవాలి.

ఇప్పుడు మా వాడి లెక్క చూడండి. బరువు 58 కిలోలు. ఆ రోజు గాలి 18 నాట్లు అనుకుందాం. 58 × 2.2 ÷ 18 అంటే దాదాపు 7. వాడి చేతిలో ఉన్నది 14. సరిగ్గా రెట్టింపు, అదీ సముద్రం వైపు లాగే గాలిలో.

ఏ రకం కైట్?

నీటిలో పడినా మళ్లీ లేచే, గాలి నింపే కైట్‌కి 1984లో పేటెంట్ దరఖాస్తు పెట్టింది ఫ్రాన్స్‌లోని బ్రిటనీకి చెందిన లెగైనూ సోదరులు. ముందు అంచున ఉండే గొట్టంలో గాలి కొడితే అది గట్టిపడి, కైట్ నీటిలో మునగకుండా తేలుతుంది. మొదట్లో వచ్చినవి ఇంగ్లీషు 'సి' అక్షరంలా వంగిన కైట్లు. వాటిలో బార్ వదిలినా లాగుడు పూర్తిగా తగ్గదు. తర్వాత 'బో', 'డెల్టా' ఆకారాలు వచ్చాయి. వీటిలో బార్‌ని ముందుకి తోస్తే లాగుడు చాలావరకు తగ్గిపోతుంది, నీటిలో పడ్డాక లేపడం కూడా తేలిక. కొత్తవాళ్లు ఈ రెండింట్లో ఒకటి, లేదా వీటి పోలికతో ఉన్న హైబ్రిడ్ తీసుకోవాలి. చౌకగా దొరికే బాగా పాతవాటిలో 'సి' ఆకారపువి ఎక్కువ. మా వాడు కొన్నదీ అదే.

ప్రాణం ఉండేది బార్‌లో

కైట్ మీద రంగులు చూసి మురిసిపోతాం గానీ, అసలు చూడాల్సింది బార్ దగ్గరి క్విక్ రిలీజ్. దాన్ని ఒక్క తోపు తోస్తే కైట్ ఒకే తాడు మీద వేలాడి, శక్తి పోయి నీటి మీద వాలిపోవాలి. ఈ రిలీజ్‌లకి 2020లో ఐఎస్ఓ 21853 అనే ప్రమాణం వచ్చింది. ఆ ప్రమాణానికి తగ్గ బార్ కొనండి. పాత కైట్‌కి కొత్త బార్ పెడుతున్నా, కొత్త కైట్‌కి పాత బార్ పెడుతున్నా రెండూ ఒకదానికొకటి సరిపోతాయో లేదో తెలిసినవాళ్లకి చూపించాలి. నీళ్లలోకి దిగే ప్రతిసారీ ముందు ఒడ్డున రిలీజ్ ఒకసారి తోసి చూడాలి. ఉప్పు, ఇసుక పట్టేస్తే అవసరానికి అది కదలదు. మా బార్‌లోదానికి తుప్పు పట్టి, రెండు చేతులతో తోసినా రాలేదు.

బోర్డు, హార్నెస్, మిగతావి

మొదటి బోర్డు రెండు వైపులా నడిచే ట్విన్ టిప్ అయి ఉండాలి, పెద్దదై ఉండాలి. 65 నుంచి 75 కిలోలవాళ్లకి 138 నుంచి 145 సెంటీమీటర్ల పొడవు బాగుంటుంది. వెడల్పు ఎక్కువుంటే తక్కువ గాలిలోనూ త్వరగా తేలుతుంది. బోర్డుని కాలికి తాడుతో కట్టుకోవద్దు, అది లాగి వదిలిన రబ్బరులా వెనక్కి వచ్చి తలకి తగులుతుంది.

హార్నెస్ అంటే కైట్ లాగుడుని చేతుల మీద కాకుండా ఒంటి మీద తీసుకునే పట్టా. తొడల కింద నుంచి వచ్చే సీట్ హార్నెస్ పైకి జారదు కాబట్టి మొదట అదే సుఖం. హెల్మెట్, తేలడానికి సాయపడే వెస్ట్, చిక్కుపడ్డ తాళ్లని కోసే చిన్న కత్తి తప్పనిసరి. ఈత రాకపోతే ముందు ఈత.

కాస్త వచ్చాక

గాలికి ఎదురేటవాలుగా నడిచి, బయల్దేరిన చోటుకే తిరిగి రాగలిగితే మీరు రెండో మెట్టు ఎక్కినట్టు. అప్పుడు రెండో కైట్ కొనుక్కోవచ్చు. మొదటిది 10 అయితే రెండోది 7, మధ్యలో మూడు మీటర్ల తేడా సరిపోతుంది. నడుము హార్నెస్, ఇంకాస్త చిన్న బోర్డు అప్పుడే. నీటి కింద రెక్క ఉండే ఫాయిల్ బోర్డు ఆ తర్వాత సంగతి. 2024 పారిస్ ఒలింపిక్స్‌లో మొదటిసారి కైట్ పోటీలు పెట్టింది ఫాయిల్ మీదే. సింగపూర్ కుర్రాడు మాక్స్ మేడర్ 17 ఏళ్లకే అందులో కాంస్యం తెచ్చుకున్నాడు. ఫాయిల్‌కి లోతు కావాలి. మంగినపూడిలో చాలా దూరం నీళ్లు లోతు ఉండవు, అడుగున బురద. రెక్క నేలకి తగిలితే మనం ఎగిరి ముందుకి పడతాం.

డబ్బులు ఏ వరసలో పెట్టాలి?

మొదటి ఖర్చు శిక్షణ. రామేశ్వరం, తూత్తుకుడి తీరాల్లో నేర్పేవాళ్లు ఉన్నారు, సామాను వాళ్లే ఇస్తారు. అక్కడ రెండు మూడు సైజులు పట్టి చూస్తే మీకేది కావాలో మీకే తెలుస్తుంది. రెండోది రెండు మూడు మీటర్ల ట్రైనర్ కైట్. కోతలయ్యాక ఖాళీగా ఉన్న పొలంలో, కరెంటు తీగలు కనుచూపు మేర లేని చోట సాధన చేయొచ్చు. మూడోది హెల్మెట్, వెస్ట్, హార్నెస్. నాలుగోది కొత్త బార్. కైట్, బోర్డు చివర్న, అవి సెకండ్ హ్యాండ్‌వైనా పర్లేదు. కానీ కొనేముందు గాలి కొట్టి రెండు మూడు గంటలు ఉంచండి, మెత్తబడకూడదు. గుడ్డని గోటితో గీకి చూడండి. ఎండకి మాగిన గుడ్డ కాగితంలా గరగరలాడదు, మెత్తగా వేలాడుతుంది, తేలిగ్గా చిరుగుతుంది.

మా 14 మీటర్ల కైట్ ఇప్పటికీ హాస్టల్ గదిలో అటక మీదే ఉంది. మా వాడు అప్పుడప్పుడూ "పెట్టిన రేటుకే అమ్మేద్దాం రా" అంటాడు. అమ్ముదాం గానీ, చీలిక సంగతీ, రిలీజ్ సంగతీ ముందే చెప్పి, కొనేవాడి బరువు అడిగి అమ్ముదామన్నాను. అప్పట్నించీ కొనేవాడు దొరకలేదు.