పలికిన మాట, నిలిచే వ్రాత
(కాల్ సెంటర్లలో జ్ఞాన సంధానం)

మానవుడు తాను గ్రహించిన విషయాన్ని ఇతరులకు అందించడానికి రెండు సాధనాలను ఏర్పరచుకున్నాడు. ఒకటి మాట, రెండవది వ్రాత. మాట వెంటనే అందుతుంది, కాని అంత త్వరగానూ గాలిలో కలిసిపోతుంది. వ్రాత నిలుస్తుంది, కాని దానికి ఓర్పు, తీరిక కావాలి. టెలిఫోను ద్వారా ప్రజల సందేహాలను తీర్చే కాల్ సెంటర్లలో ఈ రెండింటి మధ్యనున్న దూరం ప్రతిదినం కనిపిస్తుంది. సోమవారం రాత్రి ఒక ఉద్యోగి శ్రమపడి కనుగొన్న సమాధానం మంగళవారం ఉదయం అదే కుర్చీలో కూర్చునే ఉద్యోగికి తెలియదు. ఫోను చేసినవారు తమ కథను మళ్ళీ మొదటినుండి చెప్పుకోవాలి. అనుభవజ్ఞులు ఉద్యోగం మానినప్పుడు వారి జ్ఞానం కూడా వారి వెంటే వెళ్ళిపోతుంది.

ఈ లోటును తీర్చడానికి, కాల్ సెంటర్ సాఫ్ట్‌వేర్‌ను బృందమంతా కలిసి వ్రాసుకునే పత్రాల సాఫ్ట్‌వేర్‌తో అనుసంధానించే పద్ధతి నేడు వాడుకలో ఉంది. ఒక్క పంక్తి ప్రోగ్రాము కూడా వ్రాయకుండా ఈ సంధానం సాధ్యం కావడం దీని విశేషం.

రెండు పాయలు

1876లో అలెగ్జాండర్ గ్రాహంబెల్ టెలిఫోనుకు పేటెంటు పొందిన తరువాత చాలాకాలం ఒక ఫోనును మరొక ఫోనుతో మనుషులే చేతులతో కలిపేవారు. కాన్సాస్ సిటీలో అంత్యక్రియల ఏర్పాట్ల వ్యాపారం చేసిన ఆల్మన్ స్ట్రోజర్ 1891లో యంత్రమే కాల్స్‌ను కలిపే పరికరానికి పేటెంటు పొందాడు. 1909లో డెన్మార్కు దేశీయుడైన ఎర్లాంగ్, టెలిఫోను కాల్స్ వచ్చే తీరుకు సంభావ్యతా సూత్రాలను అన్వయించాడు. కాల్ సెంటరులో ఏ గంటకు ఎంతమంది ఉద్యోగులు ఉండాలో లెక్కించడానికి నేటికీ ఆయన పేరిట ఉన్న సూత్రాలే ఆధారం.

రెండవ పాయ వ్రాతకు సంబంధించినది. 1995 మార్చి 25న వార్డ్ కన్నింగ్‌హామ్ అనే అమెరికన్, ఎవరైనా చదివి, ఎవరైనా సవరించగల పేజీల సముదాయాన్ని ఇంటర్నెట్‌లో ఆవిష్కరించాడు. హవాయి భాషలో ‘త్వరగా’ అనే అర్థమిచ్చే ‘వికీ’ అన్న మాటను దానికి పేరుగా పెట్టాడు. ఆ ఆలోచననే కార్యాలయాలకు అనువుగా మలచిన కాన్‌ఫ్లుయెన్స్ 2004లో వెలువడింది. నోషన్ వంటివి తరువాత వచ్చాయి.

సంధానం జరిగే తీరు

ఈ రెండు పాయలను కలిపే సూత్రం సులభమైనదే. పూర్వం ఒక సాఫ్ట్‌వేర్‌లోని కొత్త విషయం మరొక సాఫ్ట్‌వేర్‌కు తెలియాలంటే, ఆ రెండవది పదేపదే వెళ్ళి అడగవలసివచ్చేది. ఉత్తరం వచ్చిందేమోనని ప్రతి గంటకూ తపాలా కార్యాలయానికి వెళ్ళి విచారించడం వంటిది అది. అలా కాక, ఉత్తరం రాగానే పోస్టుమాన్ తలుపు తట్టే ఏర్పాటును కంప్యూటర్ పరిభాషలో ‘వెబ్‌హుక్’ అంటారు. 2007లో జెఫ్ లిండ్సే ఈ పేరును ప్రచారంలోకి తెచ్చాడు.

ఈ ఏర్పాటును సామాన్యులకు అందుబాటులోకి తెచ్చినవి మధ్యవర్తి సేవలు. వాటిలో ‘ఇది జరిగితే అది చేయి’ అనే అర్థం వచ్చే ఆంగ్ల పదాల మొదటి అక్షరాలతో ఏర్పడిన ఇఫ్ట్ 2010లో ఆరంభమైంది. మిస్సోరీ రాష్ట్రంలో ముగ్గురు యువకులు 2011లో జేపియర్‌ను స్థాపించారు. రసాయన చర్యలో ఉత్ప్రేరకం ఇతర పదార్థాల మధ్య చర్యను సులభతరం చేసి తాను తరిగిపోకుండా మిగిలినట్లే, ఈ సేవలు కూడా రెండు సాఫ్ట్‌వేర్ల స్వరూపాన్ని మార్చకుండా వాటిని కలుపుతాయి.

ఇందులో ముఖ్యాంగాలు మూడు. మొదటిది ప్రేరకం: ‘కాల్ ముగిసింది’ అన్న సంఘటన. అప్పుడు కాల్ సంఖ్య, సమయం, ఎంతసేపు సాగింది, ఎవరు మాట్లాడారు, ఉద్యోగి వ్రాసుకున్న టిప్పణి మొదలైన వివరాలు ఒక కట్టగా బయలుదేరుతాయి. రెండవది వడపోత: ‘కొత్త సమస్య’ అని గుర్తు పెట్టిన కాల్స్‌ను మాత్రమే ముందుకు పంపడం. మూడవది చర్య: పత్రాల సాఫ్ట్‌వేర్‌లో కొత్త పేజీ తెరిచి, ఏ వివరం ఏ గడిలో చేరాలో ఆ గడిలో చేర్చడం. తెర మీద కనిపించే పట్టికలలో ఎంపిక చేసుకుంటూ పోతే ఒక పూటలో ఈ ఏర్పాటు పూర్తవుతుంది.

‘వచ్చు’, ‘వద్దు’

అయితే, వంతెన మీద బియ్యపు బండి ఎంత సులువుగా పోతుందో, విషపు బండి కూడా అంత సులువుగానే పోతుంది. ఇంటిని శుభ్రపరిచే ద్రావణాలను తయారుచేసే ఒక సంస్థకు సహాయ కేంద్రం ఉన్నదనుకొందాం. మరుగుదొడ్డిని కడిగే ద్రావణాన్ని, బట్టలను తెల్లబరిచే బ్లీచి ద్రావణాన్ని కలపవచ్చునా అని ఒక గృహిణి అడిగింది. మొదటి రకపు ద్రావణాలలో కొన్నింటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఉంటుంది. రెండవదానిలో సోడియం హైపోక్లోరైట్ ఉంటుంది. ఇవి కలిస్తే క్లోరిన్ వాయువు వెలువడుతుంది. 1915 ఏప్రిల్ 22న బెల్జియంలోని ఈప్ర వద్ద జర్మన్ సైన్యం ప్రయోగించిన వాయువు ఇదే. గాలి ఆడని చిన్న స్నానాల గదిలో ఇది ప్రాణాపాయం కలిగించగలదు.

ఉద్యోగి ‘కలపవద్దు’ అని సరిగానే చెప్పాడు. సంభాషణను కంప్యూటరే అక్షరాలలోకి మార్చింది. యంత్రం మానవ భాషణను గ్రహించే ఈ శాస్త్రానికి పునాదులు వేసినవారిలో నాటి చిత్తూరు జిల్లా కాటూరులో జన్మించి, 1994లో ట్యూరింగ్ పురస్కారం అందుకున్న రాజ్ రెడ్డి అగ్రగణ్యులు కావడం తెలుగువారికి గర్వకారణం. ఆ శాస్త్రం నేడు ఎంత పెరిగినా, రణగొణ ధ్వనుల మధ్య అది పొరపడే అవకాశం ఉంది. ‘కలపవద్దు’ అన్న మాట ‘కలపవచ్చు’గా నమోదైతే తేడా ఒక్క అక్షరమే. ఆ వాక్యం ఎవరి కంటా పడకుండా నేరుగా ఉమ్మడి పేజీలో చేరితే, మరునాటినుండి ప్రతి ఉద్యోగీ దానినే చదివి వినిపిస్తాడు. ఒకరి చెవిలో ముగిసిపోవలసిన పొరపాటు సంస్థ మాటగా స్థిరపడుతుంది.

కనుక, యంత్రం తెచ్చిన పేజీ మొదట ‘చిత్తుప్రతి’గానే ఉండాలి. విషయం తెలిసిన ఒక మనిషి చదివి ఆమోదించిన తరువాతనే అది అందరికీ కనిపించాలి. ఈ ఒక్క మెట్టు వలన కొంత ఆలస్యమైనా, ఆ ఆలస్యం వ్యర్థం కాదు.

ఆచరణలో ఒక ఆదర్శం

ఫోను మాటను జ్ఞానంగా మార్చడంలో అమెరికాలోని విష సమాచార కేంద్రాలు ఆదర్శప్రాయం. మొదటి కేంద్రం 1953లో చికాగోలో ఏర్పడింది. 1-800-222-1222 అన్న సంఖ్యకు రాత్రింబవళ్ళు ఉచితంగా ఫోను చేయవచ్చు. పసిపిల్లలున్న ప్రతి ఇంటా ఇది వ్రాసి ఉంచుకోదగిన సంఖ్య. శిక్షణ పొందిన నర్సులు, ఫార్మసిస్టులు సమాధానం చెబుతూ, ఏ పదార్థం, ఎంత, ఎవరికి, ఏ లక్షణాలు అన్న వివరాలను నిర్ణీత పద్ధతిలో నమోదు చేస్తారు. ఆ వివరాలు కొద్ది నిమిషాల వ్యవధిలో జాతీయ భాండాగారానికి తామే చేరుతాయి. బట్టలుతికే డిటర్జెంటును చిన్న పొట్లాలుగా అమ్మడం మొదలైనప్పుడు పిల్లలు వాటిని మిఠాయిలనుకొని కొరుకుతున్నారన్న ప్రమాదం 2012లో ఇటువంటి కాల్స్ ద్వారానే వెల్లడైంది. ఇక్కడ సమాచారాన్ని మోసేది యంత్రం, దానికి అర్థం నిర్ణయించేది మనిషి.

మరికొన్ని జాగ్రత్తలు

ఫోను చేసినవారి గోప్యత అన్నిటికన్న ముఖ్యం. క్రెడిట్ కార్డు వెనుకనుండే మూడంకెల సంఖ్యను చెల్లింపు ఆమోదం పొందిన తరువాత భద్రపరచరాదని కార్డు పరిశ్రమ నియమం. కాలిఫోర్నియాలో అందరి అనుమతి లేకుండా ఆంతరంగిక సంభాషణను రికార్డు చేయడం నేరం. పేర్లు, ఫోను సంఖ్యలు ఉమ్మడి పేజీకి అక్కరలేదు. సమస్య, పరిష్కారం చేరితే చాలు. వాటిని వడపోత దశలోనే తొలగించాలి.

వెబ్‌హుక్ సందేశం అందినట్లు జవాబు రాకపోతే అదే సందేశం మళ్ళీ రావచ్చు. కనుక కొత్త పేజీ తెరిచే ముందు ఆ కాల్ సంఖ్యతో పేజీ ఉన్నదేమో వెదకమని ఆదేశించాలి. అనుమతి గడువు తీరి సంధానం నిశ్శబ్దంగా తెగిపోవడం కూడా కద్దు. వారానికొకసారి దానిని పరీక్షించే బాధ్యతను ఒకరికి అప్పగించాలి.

ఈ సాధనాలు పెద్ద సంస్థలకే పరిమితం కావు. కార్యవర్గం మారినప్పుడల్లా పాత అనుభవాన్ని పోగొట్టుకొనే స్వచ్ఛంద సంఘాలకు కూడా ఇవి ఉపకరిస్తాయి. ఏ సందేహంతో ఎవరు ఫోను చేశారో కాక, ఏ సందేహానికి ఏ సమాధానం పనికివచ్చిందో నమోదైతే, తరువాత వచ్చేవారు మొదటి మెట్టునుండి ఎక్కనక్కరలేదు. ఈ వంతెన కట్టడానికి ప్రోగ్రాము వ్రాయడం తెలియనక్కరలేదు. దాని మీద ఏది పోవచ్చునో, ఏది పోరాదో నిర్ణయించే వివేకం మాత్రం మనిషికే ఉండాలి.